మొహం లేని గొంతు

నేను భయస్తురాలిని కాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నమ్మకపోతే నా పూచీ లేదు. పెళ్ళయిన ఏడాదికే మిల్లులో మగ్గాల షెడ్డులో చేరాను. పోగును అటూ ఇటూ మోసే నాడె ఒకసారి మగ్గంలోంచి ఎగిరివచ్చి నా భుజాన్ని చీల్చింది. కట్టు కట్టించుకుని మర్నాడు మళ్ళీ అదే మగ్గం ముందు నిలబడ్డాను. అలాంటిదాన్ని, గోడకి తగిలించిన ఒక నల్లటి డబ్బాకి వణికిపోయాను.

ఆ డబ్బా మా సాయంకాలం కాలేజీలో ఇంగ్లీషు గది గోడకి ఉంటుంది. పరీక్షరోజు అందులోంచి ఎవరిదో గొంతు వస్తుంది. ఒక్కసారే మాట్లాడుతుంది. అది విని కాగితం మీది ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. దాన్ని లిజనింగ్ అంటారు. ఇచ్చిన విషయం మీద సొంతంగా రాసేది ఇంకో భాగం, అది రైటింగ్. రెండూ గట్టెక్కితేనే డిగ్రీ. డిగ్రీ వస్తే మిల్లులో నన్ను మగ్గం మీంచి తీసి బట్ట తనిఖీ గదిలో వేస్తారు. అక్కడ కిటికీలుంటాయి, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది. నేసిన బట్టను వెలుతురుకి పట్టి చూసి, ఎక్కడ ఏ లోపం ఉందో ఇంగ్లీషులో రాసివ్వడమే పని. ఆ కుర్చీ కోసమే నేను పగలంతా మగ్గానికి, సాయంత్రం కాలేజీకి, మిగిలిన ఊపిరి ఇంటి చాకిరీకి పంచిపెడుతున్నాను.

రైటింగ్ గురించి నాకు బెంగ లేదు. నా వాక్యాలు పొట్టివి, కానీ తిన్నగా నడుస్తాయి. లిజనింగే నా పాలిట యముడు. అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే ఇక పరీక్ష రాయనివ్వరు. చదివినదంతా బూడిదలో పోసిన పన్నీరే.

మా అమ్మాయి అదే కాలేజీలో పగటిపూట చదువుతుంది. అదే పరీక్ష మొదటిసారే పాసై కూర్చుంది, పైగా నాకు గురువు. రోజూ వంటింటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని పాత పరీక్షల పాఠాలు పైకి చదివేది. నేను కూరగాయలు పక్కకి నెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దాని మొహంలోకే చూస్తూ వినేదాన్ని. జవాబులన్నీ టకటకా చెప్పేసేదాన్ని.

"అన్నీ కరెక్టేనమ్మా! మరి అక్కడ నీకేమవుతోంది?"

"ఏమో తల్లీ. ఆ డబ్బా మొదలవగానే చేతులు చల్లబడిపోతాయి. వాడెవడో నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు ఉంటుంది."

"ఒట్టి భయమమ్మా."

ముందుగదిలోంచి మా ఆయన తల లోపలికి పెట్టాడు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య ఉండి కూడా ఇంట్లో నిశ్శబ్దం కావాలంటాడు. "భయమా? మీ అమ్మకా? ముందు ఆ టీవీ సౌండు తగ్గించుకోమను. పక్కింటివాళ్ళు కూడా మన వార్తలే వింటున్నారు."

"ఉప్పు తీసుకురండని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నాను, తెచ్చారా? మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది మీసాల మాస్టారు. మంచి మనిషి. మీసం మాత్రం పై పెదవిని పూర్తిగా మింగేసి కింది పెదవి మీద కూడా సగం కూర్చుంటుంది. ఆయన పాఠం నాకు ఒక్కరోజూ అర్థం కాలేదు. గొప్పవాళ్ళ ఇంగ్లీషు అలాగే ఉంటుంది కాబోలనుకుని తల ఊపేదాన్ని. పక్కవాళ్ళు నవ్వితే నేనూ నవ్వేదాన్ని, పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ఎప్పుడు నా వైపు తిరిగి ప్రశ్న వేస్తారోనని గంటసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. "వినపడలేదు మాస్టారూ" అని ఒక్కసారి కూడా అనలేదు. వినపడలేదంటే అర్థం కాలేదని ఒప్పుకోవడమే కదా అని నా భయం.

పరీక్ష ఇంకో వారంలో ఉందనగా ఒక సాయంత్రం మబ్బు కమ్మి ఇల్లంతా చీకటిగా ఉంది. దీపం వేసుకుని చదువుకుంటున్నాం. ఒక రైల్వే స్టేషను పాఠం, ఎవరో తప్పిపోయిన పెట్టె గురించి అడుగుతున్నారు. అంతలో కరెంటు పోయింది. వంటిల్లు నల్లగా అయిపోయింది. నేను అలాగే కూర్చున్నాను. మా అమ్మాయి చదవడం ఆపేసి సన్నగా కూనిరాగం తీస్తోంది.

"ఏంటే ఆ పాట? సెల్లు వెలుగులో చదవొచ్చు కదా," అన్నాను.

కూనిరాగం ఆగలేదు.

"నిన్నేనే! పరీక్ష నెత్తిమీదుంటే పాటలేంటి నీకు?"

అప్పుడు సెల్లు వెలిగింది. దాని మొహం కనపడింది, పెదాలు కదిలాయి. "నేను పాడట్లేదమ్మా. ఇందాకట్నుంచీ చదువుతూనే ఉన్నా. ఈ పాఠం నాకు కంఠతా వచ్చు కదా, చీకట్లోనే చెబుతున్నా, నీకు వినపళ్ళేదా?"

"ఆ వెలుగు ఆర్పి మళ్ళీ చదువు," అన్నాను.

ఆర్పింది. మళ్ళీ కూనిరాగం. సీసాలో పడ్డ ఈగ చేసే చప్పుడులా ఉంది. అందులో పెట్టె లేదు, స్టేషను లేదు, మనిషి లేడు. నా కడుపున పుట్టిన పిల్ల గొంతు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒక్క మాట కూడా కాకుండా పోతోంది. చీకట్లో చెయ్యి చాపి దాని మూతిని వెతికి పట్టుకున్నాను. వేళ్ళ కింద పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"అమ్మా, ఏంటిది, చెయ్యి తియ్యి!" అని ఉంటుంది. కరెంటు వచ్చేదాకా నాకు తెలియదు.

నా చెవులు ఎలా పోయాయో, పోయినా ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియలేదో మీకు అర్థం కావాలంటే మా షెడ్డు చూడాలి. లోపల వందల మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటాయి. గొంతు చించుకున్నా పక్క మనిషికి మాట చేరదు. అందుకని చేరిన కొన్నాళ్ళకే అందరికీ మూతులు చదవడం వచ్చేస్తుంది. గొంతు వాడం, పెదాలతోనే మాట్లాడుకుంటాం. పెద్దక్క అని మాకందరికీ సీనియరు ఒకావిడ ఉంది. ఆవిడ షెడ్డు ఆ చివర నిలబడి మేనేజరు నడక మీద జోకు వేస్తే ఈ చివర మేం పొట్టపట్టుకుని నవ్వుతాం, మధ్యలో నిలబడ్డ మేనేజరుకి ఏమీ తెలియదు. అన్నాలు తినే గదిలో కూడా అదే అలవాటు. ఏటా మిల్లు డాక్టరు ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని "బాగా వినపడుతోందా?" అంటాడు. మేం ఆయన మూతి చూసి "ఆఁ, బాగానే" అంటాం. ఆయన టిక్కు పెట్టుకుంటాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను ఒక పని చేశాను. అన్నాల గదిలో అందరూ గోడవైపు తిరిగి బల్ల దగ్గర కూర్చున్నారు. వెనక నిలబడి, ఇంట్లో పిలిచినట్టు మామూలుగా, "పెద్దక్కా, ఇలా చూడు," అన్నాను. పెద్దక్క కదల్లేదు. ఒక్కొక్కరినీ వరసగా పిలిచాను. నాతోపాటు చేరినావిడ, నా పురుడప్పుడు నా మగ్గం కూడా చూసుకున్నావిడ, అందరూ చక్కగా అన్నం కలుపుకుంటున్నారు. పోయిన నెలలో చేరినావిడ ఒక్కతే ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కొత్తగా వచ్చింది కాబట్టి ఆవిడని కొత్త కోడలు అంటాం. "ఎందుకు వదినా వాళ్ళని పిలుస్తున్నారు? పలకట్లేదేంటి?" అంది.

"ఏం లేదమ్మా, తిను," అన్నాను. నేనూ కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు.

ఇక ఆ వారం నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. చెప్పకపోతే డబ్బా ముందు కూర్చుని మూడోసారి తప్పుతాను, కుర్చీ పోతుంది. చెబితే మిల్లుకి తెలుస్తుంది. చెవుడున్నదాన్ని మగ్గం మీద ఉంచుతారా? ప్రమాదం గంట వినపడదు పొమ్మంటారు. అప్పుడు కుర్చీతోపాటు మగ్గం కూడా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోడ్డు దాటుతుంటే వెనక ఏ బండి వస్తోందోనని పదిసార్లు తిరిగి చూస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎలా దాటానో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

"చెప్పెయ్యమ్మా," అంది మా అమ్మాయి, నా మొహం రెండు చేతులతో తన వైపు తిప్పుకుని. అప్పట్నుంచీ అది అలాగే మాట్లాడుతోంది.

"నీకేం తెలుసే, నోర్ముయ్," అన్నాను. మళ్ళీ వెంటనే, "ముయ్యకు తల్లీ, మూస్తే నాకేం తెలుస్తుంది," అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

పరీక్షరోజు వచ్చింది. ముందు రైటింగ్. బాగానే రాశాను. కాగితాలు తీసుకున్నాక మీసాల మాస్టారు డబ్బా మీట దగ్గరికి వెళ్ళారు. లేచి నిలబడ్డాను. నేను లేవాలనుకోలేదు, మోకాళ్ళే లేపాయి.

"మాస్టారూ, నాకు ఆ డబ్బా వద్దు. మనిషి ఎదురుగా కూర్చుని చదివితే నేను జవాబు చెప్పగలను. నాకు మూతి కనపడాలి."

గది మొత్తం నన్నే చూసింది. ఆయన ఏదో అన్నారు, మీసం కదిలింది. అందర్నీ కూర్చోమని చెయ్యి ఊపి, ఎదురుగా ఉన్న ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు. ఆ గదికి అద్దాల తలుపు. చప్పుడు బయటికి రాదు. రాకపోతే నాకేం?

ప్రిన్సిపాల్ మేడం ప్రతి మాటా నమిలి నమిలి మాట్లాడుతుంది, ఆవిడ మూతి చదవడం అచ్చు పుస్తకం చదివినట్టే. "చెవుడా? ఇన్నాళ్ళూ ఎందుకు దాచింది?" అంది. మాస్టారి వీపు మాత్రమే కనపడుతోంది నాకు. ఆవిడ మళ్ళీ అంది, "ఒకళ్ళకి సడలిస్తే రేపు అందరూ వస్తారు. రెండుసార్లు తప్పింది కదా, మూడోసారి వంక వెతుక్కుంది." ఆవిడ మూతి ఆగలేదు. "అసలు మిల్లువాళ్ళకి ఈ సంగతి తెలుసా? మనం రాయాలి వాళ్ళకి."

రాయాలి. ఆ ఒక్క మాట దగ్గర నేను బల్ల పట్టుకున్నాను. మాస్టారు పక్కకి తిరిగారు. ఆయన గట్టిగా ఏదో అంటున్నారు, చేతులు గాలిలో తిరుగుతున్నాయి, మీసం ఎగిరెగిరి పడుతోంది. నా తరఫున అంటున్నారో, నా నెత్తిన రాయి వేస్తున్నారో ఎలా తెలుస్తుంది? షెడ్డు ఆ చివర జోకు పట్టుకునే నా కళ్ళు, నా బతుకు తేల్చే మాట దగ్గర ఒక బెత్తెడు మీసం ముందు గుడ్డివైపోయాయి. ఇంతలో మేడం కుర్చీ కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆవిడ ఏం తేల్చిందో కూడా నాకు తెలియలేదు.

మాస్టారు తలుపు తీసుకుని వచ్చారు. నా ముందు నిలబడి ఏదో చెప్పారు. కూనిరాగం.

తల ఊపేద్దామనుకున్నాను, ఎప్పటిలాగే. సరే మాస్టారూ అనేసి సంచి తీసుకుని ఇంటికి పోదామనుకున్నాను. నవ్వు కూడా మూతి మీదకి వచ్చేసింది.

"నాకు వినపడలేదు, మాస్టారూ," అన్నాను. "మళ్ళీ చెప్పండి."

ఆయన రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకున్నారు. మొదటిసారి ఆయన పెదాలు చూశాను, పాపం చాలా సన్నటివి. "నేనే చదువుతానమ్మా. నా ఎదురుగా కూర్చో. మిల్లుకి ఉత్తరం మాత్రం వెళ్తుంది. అది ఆపలేకపోయాను," అన్నారు.

మిగతావాళ్ళ పరీక్ష అయ్యాక ఆయన కుర్చీ లాక్కుని, మీసం ఎత్తి పట్టుకునే పాఠం మొత్తం చదివారు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నారు. నాకు నవ్వొస్తోంది, కన్నీళ్ళొస్తున్నాయి, పెన్ను చెమటకి జారుతోంది. నా కాగితం అక్కడే దిద్దారు. మళ్ళీ మీసం ఎత్తి, "పాసయ్యావు," అన్నారు.

ఉత్తరం చేరకముందే మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. కుర్చీ ఇస్తారో, గేటు చూపిస్తారో తెలియదు. ఇంకా తేలలేదు కూడా. కానీ మా వాళ్ళకి ఆ సంగతి ఇంకెవరో చెప్పే ముందు నేనే చెప్పాలనిపించింది. ఈసారి వెనక నిలబడలేదు. మగ్గాల మధ్య దారిలో అందరికీ కనపడేలా నిలబడి, గొంతు లేకుండా పెదాలతో అన్నాను, "నాకు చెవులు పోయాయి. పరీక్షలో బయటపడింది."

పెద్దక్క మగ్గం ఆపేసింది. పని మధ్యలో ఆవిడ మగ్గం ఆపడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ కళ్ళనిండా భయం. పెదాలు మెల్లగా కదిలాయి.

"నాకొక్కదానికే అనుకున్నానే."

ఆ పక్కావిడ మూతి కూడా అదే అంది. ఆ వెనకావిడ కూడా. వరసగా, ఒక్కో మగ్గం వెనక ఒక్కో మూతి, అన్నీ అదే మాట. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటూ, ఇన్నేళ్ళూ దొంగకు తేలు కుట్టినట్టు.

కొత్త కోడలికి ఇంకా మూతులు చదవడం రాదు. ఏం జరుగుతోందో తెలియక బిక్కుబిక్కుమంటూ, మగ్గాల మోతకి రెండు చెవులూ చేతులతో మూసుకుని నిలబడి ఉంది. నేను వ్యర్థం బుట్టలోంచి గుప్పెడు దూది తీసి, ఉండలు చుట్టి, వెళ్ళి ఆవిడ చెవుల్లో పెట్టాను.