ఫొటోలో వాన

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. నలభై రోజులుగా అంతే. నేను హాస్టల్ మొక్కలకు పైపుతో నీళ్లు పడుతుంటే, వంటగదిలోంచి అక్క వచ్చి మెట్టు మీద కూలబడింది. పాతికేళ్లుగా వంట ఆవిడదే. విద్యార్థులందరికీ అక్కే, వార్డెనుకు కూడా.

"ఒక్కరూ తినడానికి రాలేదు తమ్ముడూ. మన గిన్నె మీద ఎలుక కూర్చుందట. ఫోన్లలో ఫొటో తిరుగుతోంది. మధ్యాహ్నం కూడా ఎవరూ రాకపోతే వంట వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు వార్డెను."

ఫొటో పెట్టింది మేం వార్తలమ్మ అని పిలిచే అమ్మాయి. జర్నలిజం చదివే పిల్ల. ఆరువందల మంది ఉన్న హాస్టల్ గ్రూపు ఆమె చేతిలోనే ఉంది. పుకార్లు పట్టుకోవడం ఎలాగో నిన్ననే క్లాసులో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. పుస్తకాలతో అటే వస్తుంటే ఆపాను.

"ఏదమ్మా, ఆ ఎలుకను నాకూ చూపించు."

"చూడు బాబాయ్. ఈ పొద్దున తీసిందే. నా స్నేహితురాలు పంపింది."

"ఆ అమ్మాయి చూసిందా?"

"ఆమెకు ఇంకెవరో పంపారు."

పెద్ద వంటగదులన్నీ ఒకలాగే ఉంటాయి. ఎలుకా అన్ని ఎలుకల్లాగే ఉంది. దాని వెనక కిటికీ, కిటికీ బయట చూరు నుంచి ధారలు.

"వాన బాగానే పడుతోందే," అన్నాను. "నేనేమో తెల్లారినప్పట్నుంచి పైపు పట్టుకుని చస్తున్నాను."

ఆ పిల్ల ఫోను చూసింది. తలెత్తి ఆకాశం చూసింది. మళ్లీ ఫోను చూసి, అక్కడే నిలబడి వెతికింది. నిమిషంలో దొరికింది. మూడేళ్ల కిందట, వేరే ఊరి హోటల్లో తీసిన ఫొటో. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"తీసేస్తాను అక్కా. ఎవరికీ తెలియదు."

"ఫోనులోంచి పోతుంది. చూసినవాళ్ల బుర్రలోంచి పోతుందా తల్లీ?"

"నిన్ననే కదా పాఠం చెప్పాను. నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే ఆకలేస్తుంది."

అక్క లేచి లోపలికి వెళ్లింది. ఎప్పటిలాగే అందరికీ వండడం మొదలుపెట్టింది. వార్తలమ్మ మెట్టు మీద కూర్చుని రెండుసార్లు రాసి చెరిపింది. మూడోసారి పంపేసింది: "తప్పు నాదే. వాన చూసుకోకుండా ఎలుకను నమ్మాను." పాత ఫొటో పక్కన అప్పుడే తీసిన ఇంకో ఫొటో: ఎండిన మా పెరడూ, పైపు పట్టుకున్న నేనూ.

మధ్యాహ్నం మొదటి కంచం ఆమెదే. తర్వాత ఇద్దరొచ్చారు, ఆ తర్వాత గుంపు. ఒకడు బల్ల కింద వంగి, "ఎలుకగారు భోంచేశారా?" అన్నాడు. "గొడుగు తెచ్చుకోవడానికి వెళ్లారు," అంది వార్తలమ్మ. అందరూ నవ్వారు.

అక్క మా పక్కనే కంచం పెట్టుకుని కూర్చుంది. పొద్దుట్నుంచి ఖాళీ కడుపులు. మొదటి ముద్ద నోట్లో పడ్డాక ఇక అందరి చేతులూ కంచాల్లోనే.