చేపల బాకా లాంటి సైరన్

సముద్రపు ఒడ్డు ఊరు క్లిప్‌బాయిలో జనాన్ని ఇళ్లలోంచి బయటికి రప్పించాలంటే ఒక్కటే మార్గం. ఏబ్రమ్ పెకూర్ బాకా ఊదాలి. సముద్రంలో పెరిగే లావుపాటి నాచు కాడను ఎండబెట్టి చేసిన గొట్టం అది. పాతది చీలిపోతే ఇంకో కాడ కోసుకొచ్చి, తండ్రి నేర్పిన కొలతకే చేసుకుంటాడు. హార్డర్ చేపలతో అతని వ్యాను వీధి మలుపు తిరిగి బాకా బొంగురుగా మోగిందంటే చాలు, పొయ్యి మీద మాడుతున్నది మాడుతుండగానే ఆడవాళ్లు గిన్నెలతో పరుగెత్తుకొస్తారు.

ఏబ్రమ్ కూతురు ఎల్‌రీసా ఉద్యోగం దీనికి సరిగ్గా తలకిందులు. జనాన్ని లోపలికి పంపడం ఆమె పని. ఊరికి దక్షిణాన ఏడు కిలోమీటర్ల దూరంలో అణువిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ ఏదైనా జరగరానిది జరిగితే సైరన్ మోగుతుంది. అప్పుడు అందరూ ఇళ్లలోకి వెళ్లి తలుపులూ కిటికీలూ మూసుకుని రేడియో పెట్టుకోవాలి. పాత సైరన్లు ఉప్పుగాలికి తుప్పుపట్టిపోయాయి. కొత్తవి ఎంచే బాధ్యతను నగరపాలక అత్యవసర విభాగం ఎల్‌రీసాకు అప్పగించింది. సొంత ఊరిది కదా, ఏ చెవికి ఏది వినపడుతుందో ఆమెకే తెలుస్తుందన్నారు. ఆమెకు గర్వంగానే ఉంది, భయంగానూ ఉంది. ఒకసారి సంతకం పెడితే మరో ముప్పై ఏళ్లు ఆ మోతే ఊరికి దిక్కు.

మొదట కీచుమనే సైరన్‌ను పరీక్షించారు. ఆ రోజు వేసవి ఆగ్నేయపు గాలి ఇసుకను తెచ్చి మొహాన కొడుతోంది. సైరన్ మోగగానే కుక్కలు మోరలెత్తి ఏడ్చాయి, కుర్రకారు చెవులు మూసుకున్నారు. ఎల్‌రీసా తల్లి సన్నా మాత్రం పెరట్లో క్లిప్పులు నోట కరుచుకుని మొగుడి ప్యాంటు ఆరేస్తోంది.

"అమ్మా! నీకేం వినపళ్లేదా?"

"ఏంటే వినపడేది? కుక్కలు మాత్రం తెగ ఏడుస్తున్నాయి. ఎవరన్నా పోయారా ఏంటి?"

ముప్పై ఏళ్లు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఆ యంత్రాల పక్కన నిలబడిన మనిషి సన్నా. సన్నటి మోతలు ఆమె చెవికి ఎక్కడం ఎప్పుడో మానేశాయి. ఆ వీధిలో అరవై దాటిన ఆడవాళ్లందరిదీ అదే గతి. వాళ్ల కోసం కీచు సైరన్ పెట్టడమంటే చెవిటివాడి ముందు శంఖమూదడమే. రేపు నిజంగా ఏదైనా జరిగితే అమ్మ ఇలాగే బట్టలారేస్తూ ఉంటుందన్న ఆలోచన ఎల్‌రీసా గుండెలో ముల్లులా దిగింది.

అందుకే రెండోది బొంగురు సైరన్ తెప్పించింది. కాగితాల మీద అన్నీ కుదిరాయి. గాలికి ఎదురెళ్తుంది, ముసలి చెవులకు అందుతుంది. పది రోజుల ముందే ఇంటింటికీ కరపత్రాలు కూడా పంచింది. పరీక్ష రోజున సైరన్ల కమిటీ అధ్యక్షుడు ప్రిన్స్‌లూ గడియారం చేత పట్టుకుని వీధి చివర నిలబడ్డాడు. సైరన్ బూమంది. ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. అమ్మ గుమ్మంలోకి రావడం చూసి, వినపడింది, అమ్మకు వినపడింది అని ఎల్‌రీసాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు కనిపించాయి గిన్నెలు.

పొరుగింటి కట్రీన అందరికంటే ముందు నీలం గిన్నె పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చేసింది. "ఏబ్రమ్ ఏడే? మోత ఉంది, వ్యాను లేదేంటి?"

రెండు నిమిషాల్లో వీధంతా ఆడవాళ్లే. సన్నా కూడా గిన్నెతో సహా దిగింది. ప్రిన్స్‌లూ గడియారం ఆపి మెల్లగా అడిగాడు: "వీళ్లు లోపలికి కదా వెళ్లాలి?"

ఎల్‌రీసాకు తల కొట్టేసినట్టయింది. ఊయలలో ఉన్నప్పటి నుంచి ఆ బాకా వింటూ పెరిగింది. అయినా గీతలూ లెక్కలూ చూసి సరిగ్గా ఆ మోతనే ఏరి తెచ్చింది. బయటివాడెవడైనా ఈ పొరపాటు చేశాడంటే అర్థముంది.

"కాగితం ఇచ్చాను కదా, కట్రీన పిన్నీ?" అంది ఏడుపు గొంతుతో.

"ఇచ్చావు తల్లీ, చదివాను కూడా. కానీ ఆ మోత వింటే కాళ్లు నన్నడిగి లేస్తాయా?"

ప్రిన్స్‌లూ చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి. "రెండు దారులున్నాయి. కీచు సైరన్‌కి సంతకం పెట్టు, లేదా ఆ చేపల బాకా మానిపించు. వచ్చే శుక్రవారంలోగా తేల్చు" అన్నాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది ఆ సలహా. అయినా ఆమెకు ఇంకోటి తోచలేదు.

ఆ సాయంత్రం తండ్రికి సంగతి చెప్పింది. డెబ్బై రెండేళ్ల ఏబ్రమ్ వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు.

"కీచుది మీ అమ్మకి వినపడదంటావ్?"

"వినపడదు నాన్నా."

అతను లేచి వెళ్లి బాకాను గోడ మేకుకి తగిలించాడు. "అయితే ఇంక మాటల్లేవు. నోరుందిగా, అరుచుకుంటాను."

ఎల్‌రీసా వాకిట్లోకి పోయి ఏడ్చింది. తాత కాలం నుంచి మోగుతున్న బాకాను మూయించింది తనే.

బుధవారం సెలవు పెట్టి తండ్రితోపాటు వ్యానులో వెళ్లింది. ఆ గాలిలో ఆయన గొంతు ఎంతసేపు నిలుస్తుందోనని బెంగ. ఏబ్రమ్ మాత్రం వ్యాను వెనక నిలబడి, బావిలోంచి వచ్చినట్టుండే తన లావు గొంతుతో పేరుపేరునా పిలిచాడు. వచ్చారు. అరగంటలో బుట్టలు ఖాళీ అయ్యాయి. ఇంకా ఎనిమిది మంది ఖాళీ గిన్నెలతో నిలబడి సణుగుతుంటే ఏబ్రమ్ కసిరాడు: "అయిపోయాయంటే అయిపోయాయి! పొండి లోపలికి! ఇసక తింటారా ఏంటి? తలుపులేసుకోండి!"

ఒక్కరూ ఎదురు చెప్పలేదు. తలలు దించుకుని ఎవరిళ్లలోకి వాళ్లు వెళ్లారు. వీధి చివరన సన్నా అందరికంటే ముందే వెనక్కి తిరగడం ఎల్‌రీసా కళ్లారా చూసింది. కిందటేడు ఇదే వీధిలో ఆఫీసు మనిషి మైకు పట్టుకుని, లోపలికి వెళ్లమని గంటసేపు బతిమాలితే ఒక్క కుక్క కూడా కదల్లేదు.

ఆమె అక్కడి నుంచే ప్రిన్స్‌లూకి ఫోన్ చేసింది. "సార్, ఆ బొంగురు సైరన్‌లో మనిషి గొంతు కూడా పెట్టొచ్చు కదా? బాకాకి బయటికొచ్చిన వాళ్లని లోపలికి పంపే గొంతు ఈ ఊళ్లో ఒకటుంది."

"ప్రభుత్వ ప్రకటన కొంచెం మర్యాదగా ఉండాలమ్మా."

"మర్యాదగా చెబితే మా వాళ్లు వినరు సార్. ఒక్క పరీక్ష చెయ్యనివ్వండి."

మర్నాడు ఏబ్రమ్ చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని రికార్డింగ్ గదికి వచ్చాడు. మైకు ముందు టోపీ తీసి, చేతులు కట్టుకుని, "గౌరవనీయులైన క్లిప్‌బాయి ప్రజలారా..." అని నీళ్లు నమిలాడు.

"నాన్నా, బుట్ట ఖాళీ అయిందనుకో. కట్రీన పిన్ని ఇంకా గిన్నె పట్టుకునే నిలబడిందనుకో."

ఏబ్రమ్ మొహం మారిపోయింది. ఒక్క ఊపులో అయిపోయింది రికార్డింగ్.

శుక్రవారం ఉదయం గాలి ఊరిని ఎత్తుకుపోయేలా ఉంది. సైరన్ బూమంది. తలుపులు తెరుచుకున్నాయి, గిన్నెలు బయటికొచ్చాయి. ప్రిన్స్‌లూ నిట్టూర్చాడు. అంతలో స్తంభాలన్నిటి మీంచీ ఏబ్రమ్ విరుచుకుపడ్డాడు:

"చేపల్లేవు! పొండి లోపలికి! తలుపులేసుకోండి, కిటికీలేసుకోండి, రేడియో పెట్టుకోండి! కట్రీనా, నీక్కూడా చెప్పేది!"

వీధంతా గొల్లున నవ్వింది. నవ్వుతూనే లోపలికి నడిచింది. "ఎంత పని చేశావురా ఏబ్రమా, గవర్నమెంటు చేత కూడా నన్ను తిట్టించావు!" అంటూ కట్రీన ధడాలున తలుపు వేసుకుంది. నాలుగు నిమిషాలకు వీధిలో ఇసుక తప్ప ఇంకేమీ కదలడం లేదు. ప్రిన్స్‌లూ గడియారాన్ని రెండుసార్లు చూసుకున్నాడు.

ఎల్‌రీసా పుట్టింటికి పరుగెత్తింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సన్నా గిన్నె ఒళ్లో పెట్టుకుని, రేడియో గోడలదిరేలా పెట్టుకుని కూర్చుంది.

"వినపడిందా అమ్మా?"

"వినపడకేం? పెళ్లయినప్పట్నుంచీ వింటున్నదేగా ఆ గొంతు." సన్నా ముసిముసిగా నవ్వింది. "చేపల్లేవంట! పొద్దున నాలుగు నాకని పక్కన పెట్టాడు, అబద్ధాలకోరు."

ఎల్‌రీసా తల్లి పక్కనే కూర్చుని కాగితం మీద సంతకం పెట్టింది. పరీక్ష ముగిసిందని రేడియో చెప్పిన కాసేపటికి వీధిలో బాకా మోగింది. ఈసారి నిజమైనదే, మేకు మీంచి దిగి వచ్చినది. సన్నా గిన్నెతో లేచి, గుమ్మం దగ్గర ఆగి, చెవి ఒగ్గి ఓ క్షణం విన్నది. ఎదురుగుమ్మంలో కట్రీన కూడా అలాగే ఆగింది.

"తిట్టట్లేదే. చేపలే పద" అంది సన్నా, గడప దాటుతూ.