ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గురజాల దాకా

నరసరావుపేటలో విమానం టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో మూడేళ్ళుగా పనిచేస్తోంది హరిత. ఏ దేశానికి ఎన్ని గంటలో, అక్కడిప్పుడు టైమెంతో ఆమెకు నోటికొచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎవడూ పట్టించుకోలేదు. ఆడపిల్ల ఉద్యోగమంటే పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపం అనుకునే రకం మనుషులు మరి.

ఆ మే నెల ఆదివారం గురజాలలో వాళ్ళింటికి పెళ్ళిచూపులకొచ్చిన పవన్, సోఫా అంచున కూర్చుని బట్టీ పట్టినట్టు చెప్పాడు.

"పొద్దున ఆరింటికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్లైటెక్కానండి. శంషాబాద్‌లో దిగి, కార్లో నేరుగా ఇక్కడికే."

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. కాఫీ అందిస్తున్న హరిత చెయ్యి ఆగింది.

"ఇవాళ పొద్దునేనా? నిన్న కాదుగా?"

"ఇవాళేనండి."

"అక్కడ ఆరంటే మనకి తొమ్మిదిన్నర. ప్రయాణం ఎనిమిది గంటలు. సాయంత్రం ఐదున్నరకు గానీ శంషాబాద్‌లో దిగరు. కార్లో ఇంకో నాలుగ్గంటలు. ఈ లెక్కన మీరింకా ఆకాశంలోనే ఉండాలండి."

సంబంధం తెచ్చిన మేనమామ బ్రహ్మయ్య గట్టిగా నవ్వాడు. "ఇమానం గదమ్మా. ఎనక గాలుంటే తొరగా వస్తది."

అందరూ తలలూపారు. పవన్ తండ్రి మీసం దువ్వుకుంటూ ఫ్యాను వంక చూశాడు. ఒకడు అబద్ధం ఆడితే ఆడాడు, ఇంతమంది పెద్దమనుషులు సిగ్గులేకుండా దాన్ని మోస్తున్నారు.

నాన్న ఆమెను వంటింట్లోకి లాక్కెళ్ళాడు.

"అబ్బాయికి అక్కడి ఉజ్జోగం పోయింది. ఆర్నెల్ల నుంచి హైదరాబాద్‌లోనే ఉంటన్నాడు. అయితే ఏంది? ఇంకోటి వస్తది."

"నీకు ముందే తెలుసా?"

"అట్టా చెప్పమంది నేనే. నీకు అనుమానం రాకూడదని. పొద్దున ఎక్కితే మజ్జానానికి దిగుతాడు గదా అనుకున్నా. పార్టీలో ఎంపీటీసీ సీటు ఎవరికియ్యాలో వాళ్ళ నాన్న చేతిలో ఉందే. నువ్వు ఊ అంటే రేపే నా పేరు రాయిస్తాడు."

పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాడట. కూతుర్ని అమ్మేసే అబద్ధం కూడా ఆ మనిషి ఒళ్ళు దాచుకుంటూనే అల్లేశాడు. ఆమె చేసే పనేమిటో ఒక్కసారి గుర్తు చేసుకున్నా ఇంత చచ్చు లెక్క వేసేవాడు కాదు. హరితకు ఛీ అనిపించింది. నాన్న భుజం మీది ఇస్త్రీ కండువా, మెడకు రాసుకున్న పౌడరు వాసన, అన్నీ రోతగా తోచాయి.

ఆమె హాల్లోకొచ్చి పవన్ తండ్రి ఎదుట నిలబడింది. పొద్దుటి నుంచి ఇంటిల్లిపాదీ ఆయన్ను బావగారూ, బావగారూ అని పిలుస్తున్నారు.

"బాబాయ్, సీటు మా నాన్నకిస్తారో లేదో మీ ఇష్టం. అన్నయ్యకు మాత్రం తొందరగా ఉజ్జోగం రావాలని దణ్ణం పెట్టుకుంటా."

వరసలు అట్లా మారిపోయాక పెళ్ళి మాట ఎత్తే దిక్కు లేకపోయింది. అందరికన్నా ముందు లేచి చెప్పులేసుకుంది పవనే.