వరస మార్చకండి

ఫాబియాన్ చొక్కా మెడపట్టీ మీద ఇస్త్రీపెట్టె నడుస్తుండగా, "ఆ తప్పు నీదని రాసెయ్ సులేమా, గొడవ వదిలిపోతుంది" అన్నాడతను, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత తేలిగ్గా. సులేమా ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టింది, లేకపోతే చొక్కా కాలేది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఏదీ కాలకుండా చూసుకున్నది ఆమే.

మెండోసాలో నడివేసవి జనవరి. అది వచ్చిందంటే బల్లులు కూడా నీడని అద్దెకి తీసుకుంటాయి. ద్రాక్షతోటకి కాలవ నీటి వంతు ఎనిమిది రోజులకొకసారి. ఆ గంట తప్పిందో, మళ్లీ ఎనిమిది రోజులు ఎండుటాకులు లెక్కపెట్టుకోవాలి. తూము తలుపులు ఇప్పుడు మనుషులు వెళ్లి ఎత్తరు. రైతు తన ఫోన్లో మీట నొక్కితే ఆఫీసు కంప్యూటరు "తెరువు" అని పిలుస్తుంది, పది కోసుల అవతల తలుపు పలుకుతుంది. ఆ పిలుపుల భాషని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అల్లింది సులేమా, వంటింటి బల్ల మీద, పప్పు ఉడికేలోగా. ఏమని పిలవాలి, ఏమని బదులు రావాలి అని చిన్న జాబితా రాస్తే చాలు. ఆమె కట్టిన మాక్రో అది చదువుకుని, పిలిచేవైపు కోడూ పలికేవైపు కోడూ తానే రాసిపెడుతుంది. పైకి కనిపించేది నూట ఇరవై పంక్తులు, లోపల పదివేలు. అత్తగారు దోన్యా ఇర్మా ఆ నూట ఇరవై చూసి, "కూచుని ఇంత టైపు కొట్టినందుకే అలుపా అమ్మాయ్?" అంది. తూములు నడిపే కంపెనీ ఫాబియాన్ పేరు మీద ఉంది. ఊళ్లో అందరూ ఆమెని ఫాబియాన్ భార్య అనే ఎరుగుదురు.

ఆఫీసు నుంచి తలుపుకి రేడియోలో పిలుపు పేరు వెళ్లదు, వరసలో దాని అంకె మాత్రమే వెళుతుంది. "మూయి" మొదటిది గనక ఒకటి, "తెరువు" రెండు. అందుకే జాబితా నెత్తిన ఒక పంక్తి పెట్టుకుంది: వరస మార్చకండి, కొత్తవి చివరనే చేర్చండి.

ఫాబియాన్ మేజోళ్లు కూడా అక్షరక్రమంలో సర్దించుకునే మనిషి. ఓ ఉదయం ఆ జాబితా చూసి చిందరవందరగా ఉందనుకున్నాడు. అక్షరాల వరసలో సర్ది, నెత్తినున్న పంక్తి అడ్డమని కొట్టేశాడు. వాళ్ల భాషలో తెరవడం ముందొస్తుంది, మూయడం తరవాత. కొత్త వరస ఆఫీసు కంప్యూటరుకి తెలిసింది, పొలంలో తలుపులకి తెలియలేదు. మర్నాడు దోన్యా ఎర్సీలియా వంతు. ఆ విధవరాలు తెరవమంటే తలుపు మూసుకుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు బిగిసింది. రెండేళ్ల మొక్కలు నిలువునా మాడిపోయాయి.

సులేమా చూడడానికి వెళితే ఆ పెద్దావిడ తిట్టలేదు. "ముసల్దాన్ని, మీట తప్పు నొక్కానంటున్నారమ్మా అందరూ. నాకూ ఇప్పుడు నమ్మకం పోతోంది. తప్పు నొక్కానా?" అని అడిగింది.

కాలవ సంఘం కంపెనీని వివరం రాసిమ్మంది. ఎవరి చెయ్యి తప్పితే వాళ్లిక తూముల జోలికి రాకూడదనీ అంది. ఫాబియాన్ తొణకలేదు. "నీకేం పోయింది? నీ పేరు బయట ఎవరికి తెలుసు గనక? ఎప్పట్లాగే ఉత్తరం నువ్వు రాయి, సంతకం నేను పెడతాను."

పేరు లేనిదానికి పోయేదేముంటుంది అన్న మాట సులేమా చాలాసేపు మనసులో తిప్పింది. ఎర్సీలియాకి తన వేలి మీదే నమ్మకం పోయింది. తప్పు తనదని తను రాస్తే తన తెలివి మీద నమ్మకం తనకీ పోతుంది. ఎన్ని పండగ శుభాకాంక్షలు, ఎన్ని క్షమాపణలు, ఎన్ని ఉపన్యాసాలు అతని గొంతుతో రాసింది తను! ఆ గొంతు అతనికన్నా తనకే బాగా వచ్చు. బల్ల తుడిచి, కాగితం తీసింది.

"ఫాబియాన్ ఒచోవా అనే నేను పిలుపుల వరస మార్చాను. మార్చవద్దని రాసి ఉన్న పంక్తిని చదవకుండా కొట్టేశాను. దోన్యా ఎర్సీలియా సరైన మీటే నొక్కారు. తలుపుల భాష రాసింది సులేమా కారీసో. దాన్ని సరిచేయగలిగిందీ ఆవిడే."

అతను ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ కాగితం కోసం చెయ్యి చాపాడు.

"చదివి సంతకం పెట్టు" అంది సులేమా. అతను ఫోను దించేదాకా ఆగి, మరోసారి అంది.

అతను సంతకం చివర గీత గీసి, కాగితం ఆమె వైపు తోశాడు.

"నువ్వు రాసింది నేనెప్పుడు చదివాను సులే?"