మైనం కాగితం

కేకు గిన్నె అడుగున వేయడానికి కాగితాన్ని గుండ్రంగా కత్తిరిస్తూ ఆమె ఆగిపోయింది. వేలికి జిడ్డుగా ఏదో తగిలింది. గోటితో గీకి చూసింది. గోరు కింద తెల్లటి పొర పేరుకుంది. మైనం.

డబ్బా మీద మాత్రం బేకింగ్ పేపర్ అనే రాసి ఉంది. తెచ్చింది భర్త. కాగితాల గోదాములో అమ్మకాలు చూసే మనిషి ఇంట్లో ఉండగా కాగితం బయట కొంటారా అని, ఆమె కేకులు మొదలుపెట్టినప్పుడే అన్నాడు. కళ్ళు మూసుకుని తడిమి ఏది ఏ కాగితమో చెప్పేస్తాడని గోదాములో అతనికి పేరు.

ఇంట్లోకి చేసేటప్పుడు ఆమె కాగితం జోలికి పోదు. గిన్నెకు వెన్న రాసి పిండి చల్లుతుంది. కేకు చక్కగా ఊడి వస్తుంది. ‘బయటికిచ్చేది కాగితం లేకుండా ఏం బాగుంటుంది’ అని అతనే ప్రతి ఆర్డరుకూ కొత్త కాగితపు చుట్ట తెచ్చేవాడు. ఆ కేకులే అడుగంటేవి, చిరిగేవి, ఓవెన్‌లోంచి పొగ వచ్చేది. ‘బయటివాళ్ళదనగానే నీకు చేతులు వణుకుతాయి, నేను చూశాగా’ అనేవాడు. నిజమేనేమోనని ఆమె చాలాసార్లు తన చేతులనే చూసుకుంది. అతను వీపు నిమిరేవాడు. ‘పోనీలే, నీకెందుకీ హైరానా, నేను లేనా?’ అత్తగారు అప్పటికే పళ్ళెం పట్టుకుని వచ్చేవారు. ‘విరిగితే రుచెక్కడికి పోతుందే అమ్మాయ్. చెయ్యి మంచిదే, యోగం లేదంతే.’ తల్లీకొడుకులిద్దరూ ఆ ముక్కల్ని ఇష్టంగా తినేవారు. అంత ఇష్టంగా తినడం ఎందుకో ఆమెకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఈసారి అడిగింది వీధి చివరి బేకరీ ఆవిడ. ‘సాయంత్రానికి ఒకటి చేసి పట్టుకురా. నచ్చితే రోజూ నీ దగ్గరే తీసుకుంటా. లేదంటే ఇంకొకావిడ కాచుకునుంది’ అని మొహమాటం లేకుండా చెప్పింది.

హాల్లో భర్త ఫోను మోగింది. ఎవరో ఖాతాదారు.

“లేదు మేడమ్, అది శాండ్‌విచ్‌లు చుట్టుకోడానికి. ఓవెన్‌లో పెట్టారంటే మైనం కరిగి కేకుకి పట్టేస్తుంది. మీకు సిలికాన్ పూత ఉన్నది పంపిస్తా. డబ్బా చూసి మోసపోకండి, గోటితో గీకి చూసుకోండి.”

ఎంత ఓపిగ్గా చెప్పాడో.

అనుమానం పెనుభూతమంటారు. గోదాములో ఎవరో పొరపాటున డబ్బా మార్చి ఉండొచ్చని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. అల్మరాలోంచి పాత చుట్టలు తీసి ఒక్కొక్కటే గీకింది. ప్రతిదీ గోటికి తెల్లగా అంటింది. ప్రతిసారీ పొరపాటేనా?

“ఏమండీ, ఈ కాగితం సరైనదేనా?” అని వంటింట్లోంచే అడిగింది.

“తాతకి దగ్గులు నేర్పుతావా? కాగితం కాగితమే. కానివ్వు” అన్నాడు అటునుంచే.

ఆమె కత్తిరించిన చక్రాన్ని చెత్తబుట్టలో వేసింది. గిన్నెకు అంచుల దాకా వెన్న రాసింది, పిండి చల్లి తిప్పి దులిపింది, కేకు పిండి పోసి ఓవెన్ తలుపు వేసింది. చేతులు వణుకుతాయేమోనని చూసుకుంది. వణకలేదు.

కేకు కాస్త చల్లారేసరికి అత్తగారు పళ్ళెంతో సహా వచ్చారు.

“అయిందా అమ్మాయ్?”

“ఇంకా తిప్పలేదత్తయ్యా. పళ్ళెం ముందే తెచ్చారే?”

“అలవాటు కొద్దీలే” అని ఆవిడ నవ్వారు.

వెనకే అతనూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల ఓ పక్కకు వాల్చి, చెయ్యి అప్పుడే కొంచెం లేపి, వీపు నిమరడానికి సిద్ధంగా. ఆమె గిన్నెను బోర్లించి మెల్లగా తట్టింది. కేకు చెక్కుచెదరకుండా జారింది. అడుగు ఎక్కడా చిట్లలేదు.

అత్తగారు పళ్ళెం కిందికి దించారు.

“కాగితం వెయ్యలేదా?” అన్నాడతను.

ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న. ఆమె తలెత్తి అతని వంక చూసింది. ఓదార్చడానికి సిద్ధం చేసుకున్న ముఖాన్ని ఇప్పుడేం చేసుకోవాలో అతనికి తెలియడం లేదు.

కేకును అట్టపెట్టెలో పెట్టుకుని, ఎవరికీ ముక్క కోయకుండా, అతన్ని పక్కకు జరగమని చెప్పి ఆమె బయటికి నడిచింది.