ఇటుక రంగు చేతులు

“అక్కకి ఇచ్చాను. ఉన్నే కదా,” అన్నాడు భర్త, గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూస్తూనే.

ఆమె బీరువా అడుగు అర ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచీ. కొన్నవి పద్నాలుగు ఉన్ని ఉండలు. కోటు వీపు భాగం అల్లడానికి నాలుగు అయ్యాయి. ఇంకా పది ఉండాలి. ఎన్నిసార్లు చూసినా నాలుగే ఉన్నాయి.

“ఎప్పుడిచ్చారు?”

“రెండు నెలలైందేమో. అమ్మ కంటి ఆపరేషన్ అప్పుడు వచ్చింది కదా. సోఫా మీదికి ఏదో అల్లించుకుంటానంది. ఊరికే పడున్నాయని ఓ ఆరు తీసిచ్చాను. నువ్వేం అనుకోవులే.”

ఆ చివరి మాట ఆమెతో అన్నట్టు లేదు. ఎవరికో ఆమె గురించి చెబుతున్నట్టుంది. గడ్డం నున్నగా వచ్చిందో లేదో వేళ్ళతో తడిమి చూసుకుని అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆమె సూదులు ఖాళీగా ఉన్నది తక్కువ. భర్తకి నాలుగు స్వెటర్లు, అత్తగారికి శాలువాలు, వదినగారి పిల్లలకి పుట్టినప్పటి నుంచి కాలేజీకి వెళ్ళేదాకా ఏడాదికొకటి. ఒకటి ముగుస్తోందంటే చాలు, ఎవరివో కొలతలు వచ్చి వాలేవి. “మా కోడలి చేతులు ఊరుకోవు,” అనేది అత్తగారు వచ్చినవాళ్ళతో, పాడి గేదెను మెచ్చుకున్నట్టు. ఆమె కూడా ఆ మెప్పుకి మురిసిన రోజులున్నాయి, లేవని కాదు. తనకంటూ మాత్రం ఒక్కటీ అల్లుకోలేదు. ఆసుపత్రి ల్యాబులో ఆమె పని. రక్తం శాంపిళ్ళు భద్రపరిచే చల్లగదిలోకి రోజుకి పాతికసార్లు వెళ్ళి రావాలి. అక్కడికి భర్త వదిలేసిన స్వెటరే వేసుకునేది, చేతులు రెండు మడతలు పెట్టి. మోచేతుల దగ్గర అది జల్లెడైపోయింది.

ఆ గదిలోనే ఒకరోజు ఆమెకి అనిపించింది, యాభై ఏళ్ళు వస్తున్నాయి, నా కొలతలు నాకే తెలియవు అని. ఆ సాయంత్రమే టేపు తీసుకుని కొలుచుకుంది. ఉన్ని కొట్టుకి మూడుసార్లు తిరిగి, మూడు పేటల మంచి ఉన్ని, వానమబ్బు రంగు, అన్నీ ఒకే తడవలో రంగు వేసినవి ఏరి తెచ్చుకుంది. తుంటి దాకా వచ్చే కోటు, పెద్ద కాలరు, లోతైన జేబులు. వీపు భాగం పూర్తయ్యేసరికి ల్యాబు ఇన్‌చార్జి మనవడు పుట్టాడు. “మీరు అల్లితే ఆ నాణ్యతే వేరు. మీకిది చిటికెలో పని కదా,” అన్నాడు ఇన్‌చార్జి. చిటికెలో పని ఏడు వారాలు పట్టింది: టోపీ, మేజోళ్ళు, చిన్న స్వెటరు, దుప్పటి. అవి ఇచ్చిన రోజునే ల్యాబులో పై అధికారులతో సమావేశం జరిగింది. పేర్లు తారుమారైన రెండు శాంపిళ్ళను అంతకుముందు వారం ఆమె పట్టుకుంది. ఆ సంగతి ఇన్‌చార్జి పైవాళ్ళకి “మన ల్యాబు జాగ్రత్త” అని చెప్పాడు. చెప్పి, టీ కప్పులు అటు అందించమని ఆమెకి సైగ చేశాడు. ఆమె అందించింది. తన కోటు పక్కన పెట్టిన ఆ ఏడు వారాల్లోనే ఉండలు ఇంట్లోంచి వెళ్ళిపోయాయి.

ఆదివారం పొద్దున్నే ఆ గుడ్డసంచీ తీసుకుని వదినగారింటికి వెళ్ళింది. భర్తకి అక్క, చెడ్డ మనిషేం కాదు. తలుపు తీస్తూనే ముఖం నిండా నవ్వింది. సోఫా మీద మూడు దిండ్లు. వాటికి వానమబ్బు రంగు గలీబులు, మధ్యలో తెల్ల దారంతో పువ్వు. ఎవరో డబ్బులకి అల్లిపెట్టారు, కుట్లు వదులుగా ఉన్నాయి. ఆమె కూర్చోబోతే వదిన చొరవగా ఒక దిండు వీపు వెనక సర్దింది. తన కోటు చేతులు కావలసిన ఉన్ని మీదే ఆనుకుని ఆమె టీ తాగింది.

“ఇది నేను కోటు కోసం కొనుక్కున్నది, వదినా,” అంది కప్పు కింద పెట్టి.

వదిన చూపు దిండ్ల మీదికి వెళ్ళింది. “నేను అడగలేదే. పాత ఉన్ని ఏమైనా ఉందా అన్నాను, అంతే. వాడే తెచ్చి చేతిలో పెట్టాడు. నీకు చెప్పే ఇస్తున్నాడనుకున్నాను.” తర్వాత మెల్లగా, “దానికి చెప్పక్కర్లేదు, అదేం అనదు అన్నాడు,” అంది.

తిరిగి వచ్చే బస్సులో ఆమెకి వదిన మీద కోపం రాలేదు. ఉన్ని గురించి కూడా ఎక్కువ ఆలోచించలేదు. అదేం అనదు. నిజమే, ఏం అంది కనక? భర్త ఉద్యోగానికి వీలుగా ఉంటుందని రెండుసార్లు ఇల్లు మారినప్పుడు అనలేదు. అత్తగారి ఆపరేషన్‌కి సెలవు ఎవరు పెట్టాలన్న మాటే ఆ ఇంట్లో రానప్పుడు అనలేదు. అనకపోవడం మంచితనమని ఆమె అనుకుంది. వాళ్ళు దాన్ని తాళం వేయని గది అనుకున్నారు, ఎవరికి ఏది కావాలన్నా వచ్చి తీసుకుపోవచ్చు. సంచీలో ఉన్న నాలుగు ఉండలతో ముందు వైపు రెండు భాగాలూ అవుతాయి. చేతులకీ కాలరుకీ లేదు. అత్తగారిని అడిగితే చేతులు లేకుండా వేసుకోమంటుంది. భర్త అయితే దాన్ని అక్క కూతురికి కుదించి అల్లమంటాడు. వాళ్ళ జవాబులు వాళ్ళకంటే ముందు తనకే తోస్తున్నందుకు ఆమెకి తన మీద ఒళ్ళు మండింది. దిగాల్సిన చోట దిగలేదు. ఇంకో మూడు స్టాపులు వెళ్ళి, ఉన్ని కొట్టు దగ్గర దిగింది.

కొట్టావిడ కళ్ళజోడు పైకెత్తి, మిగిలిన ఉండ మీది కాగితం చదివింది. “ఇది తయారీ ఆపేశారమ్మా. ఎక్కడ తిరిగినా దొరకదు.”

“దీనికి బదులు ఏది పనికొస్తుంది?”

“ఇదిగో, రంగు అచ్చం ఇదే,” అని ఒకటి తీసిపెట్టింది. ఆమె ముఖంలో వెలుగు చూసి ఆవిడే ఆపింది. “తొందరపడకండి. రంగు ఆఖర్న చూడాలి. ముందు లావు, తర్వాత పేటలు, తర్వాత తడిస్తే ఏమవుతుందనేది. రంగు కంటికి ముందు కనిపిస్తుంది కాబట్టి అందరూ దాంతోనే మోసపోతారు. మూడు రకాలిస్తాను, ఒక్కో ఉండ తీసుకెళ్ళండి. అల్లి, ఉతికి, ఆరేసి చూడండి.”

పరీక్షించడం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకే సూదులతో, ఇరవై కుట్లతో, మూడు చదరపు ముక్కలు అల్లింది. ల్యాబులో సీసాలకి అంటించినట్టే ఒకటి, రెండు, మూడు అని కాగితం చీటీలు కట్టింది. పాత ఉన్నితో నాలుగోది అల్లింది, దేనితో పోల్చాలో అది. అన్నిటినీ కొలిచి రాసుకుంది. గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, ఆరాక మళ్ళీ కొలిచింది. తర్వాత బాల్కనీ తీగకి క్లిప్పులతో తగిలించి, ఒక్కోదానికి రెండేసి చెంచాలు వేలాడగట్టి ఒక రోజంతా వదిలేసింది.

“ఇవేంటి, బొమ్మలకి దుప్పట్లా?” అన్నాడు భర్త.

“నమూనాలు.”

“అబ్బో, రిపోర్టు ఎప్పుడొస్తుంది?”

“రేపు సాయంత్రం,” అంది ఆమె, నవ్వకుండా.

రిపోర్టు వచ్చింది. రెండోది మెత్తగా వెన్నలా ఉంది కానీ ఒంటిపేట. నాలుగుసార్లు రుద్దేసరికి దూదిలా పింజలు లేచాయి. మూడోది లాగి వదిలితే పాతదానిలాగే చటుక్కున సర్దుకుంది. ఉతికినా కుట్టు కుట్టూ విడిగా, నిటారుగా నిలబడింది. కాకపోతే ఆ రకం కొట్లో ఇటుక రంగులో తప్ప లేదు. ఇక మొదటిది. రంగు కలిసిన ఆ మొదటి ముక్క ఉతగ్గానే నీరుగారింది. చెంచాల బరువుకి అరంగుళం సాగి, మళ్ళీ పైకి రాలేదు. నాలుగంగుళాల ముక్కే అరంగుళం సాగితే, పద్దెనిమిదంగుళాల చెయ్యి రెండంగుళాల పైన సాగుతుంది. అంటే మళ్ళీ మడతలు పెట్టుకోవాలి.

ఇంట్లో అందరికీ మొదటిదే నచ్చింది. “ఆపరేషన్ అయిన కంటితో చూస్తున్నా నాకు తేడా తెలియడం లేదు,” అంది అత్తగారు, ముక్కని కిటికీ దగ్గర పట్టుకుని. “ఇది పెట్టి అల్లేయ్. ఎవరికీ తెలియదు.”

“అవును, రంగు కలిస్తే చాలు,” అన్నాడు భర్త. “ఈ ఇటుక రంగైతే అతుకేసినట్టుంటుంది. చూసినవాళ్ళు ఏమైందని అడుగుతారు.”

ఆమె చేతిలో రెండు ముక్కలూ పట్టుకుని నిలబడింది. ఎవరికీ తెలియదు. మొదటిదాంతో అల్లితే నిజంగానే ఎవరికీ తెలియదు. కోటు నిండుగా ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఆరు ఉండలు ఎక్కడికీ పోనట్టే ఉంటుంది. చేతులు రోజూ కాస్త కాస్త జారుతుంటే చల్లగదిలో పైకి లాక్కునేది తనొక్కతే. ఇన్నేళ్ళూ తను చేసిన సర్దుబాట్లన్నీ ఈ ముక్కలాంటివే అనిపించింది. పైకి రంగు కలిసిపోయేది, లోపల సాగిపోయేది.

“అడగనివ్వండి,” అంది.

మర్నాడు ఆరు ఇటుక రంగు ఉండలు తెచ్చుకుంది. ఈసారి సంచీని బీరువాలో పెట్టలేదు. ముందుగదిలో, తన కుర్చీ పక్కనే పెట్టుకుంది. “దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు,” అని అందరూ ఉన్నప్పుడే ఒకసారి చెప్పింది. ఆ వారంలోనే ఇన్‌చార్జి పిలిచి, డైరెక్టరుగారు రిటైరవుతున్నారు, ఒక శాలువా అల్లితే బావుంటుందని అన్నాడు. “నా కోటు అల్లుకుంటున్నానండీ. వీలుపడదు,” అంది. అతను ఇంకేదో కారణం చెబుతుందని ఎదురుచూశాడు. చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేం లేదు. నమస్కారం పెట్టి చల్లగదిలోకి వెళ్ళింది.

కోటు పూర్తయిన వారానికి వదినగారింట్లో భోజనాలు. దగ్గర చుట్టాలు పదిమంది దాకా వచ్చారు. ఆమె కోటు వేసుకునే వెళ్ళింది. తలుపు దగ్గరే భర్త గొంతు తగ్గించి, “లోపల తీసేయొచ్చు కదా, చలేం లేదు,” అన్నాడు. ఆమె తీయలేదు. దిండ్లు సోఫా మీదే ఉన్నాయి. వాటికెదురుగా కూర్చున్న అత్తగారి చెల్లెలు, ఇంటిల్లిపాదీ పిన్ని అని పిలిచే డెబ్భై ఐదేళ్ళ మనిషి, ఆమె చేతిని దగ్గరికి లాక్కుని అల్లిక తడిమి చూసింది.

“కుట్టు ముత్యంలా ఉందమ్మాయ్. మరి చేతులు వేరే రంగు పెట్టావేం, ఇప్పటి ఫ్యాషనా?”

“కాదు పిన్నిగారూ. ఉన్ని సరిగ్గా కొలుచుకుని కొనుక్కున్నాను. ఆరు ఉండలు నన్నడక్కుండా ఇంట్లోంచి తీసి ఇచ్చేశారు.”

“ఎవరు?”

“ఆయనే.”

గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, రిపోర్టు చదివినట్టు. వంటింటి గుమ్మంలో వదిన ఆగిపోయింది. భర్త చేతిలోని ఫోనుకేసి చూసుకుంటున్నాడు. అత్తగారు, “ఇప్పుడవన్నీ ఎందుకే,” అని గొణిగింది.

పిన్ని మాత్రం ఆ ఇటుక రంగు చేతిని వదల్లేదు. దాని మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. “మీ పినమామగారు నా కుట్టుమిషను ఇచ్చేశారు,” అంది ఉన్నట్టుండి. “వాళ్ళ స్నేహితుడి భార్యకి. నేను పురిటికి వెళ్ళి వచ్చేసరికి అది పెట్టిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. నలభై ఎనిమిదేళ్ళైంది. అది పాడైపోయిందని అందరికీ నేనే చెప్పాను.” అక్కడున్న వాళ్ళలో అత్తగారు ఆవిడ తోడబుట్టిన మనిషి. అత్తగారు కూడా ఇప్పుడే వింటున్నట్టు నోరు తెరిచి చూసింది. “ఎందుకలా చెప్పావే నాకు?” అంటే, “నువ్వేం అనేదానివి?” అంది పిన్ని. తిరుగు దారిలో అత్తగారు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం భర్త ఒక సంచీతో వచ్చాడు. ఆమె ముందున్న బల్ల మీద బోర్లించాడు. మూడు దిండు గలీబులు, తెల్ల పువ్వులతో సహా.

“అక్కే ఇచ్చేసింది. ఇవి ఊడదీసి ఆ చేతులు మార్చేయ్. ఇక అయిపోయినట్టేగా?”

ఆమె గలీబులు దగ్గరికి తీసుకుంది. తెల్ల పువ్వు ఎక్కడ మొదలైందో వెతికి, కొస పట్టుకుని జాగ్రత్తగా లాగి విడదీసింది. వానమబ్బు రంగు ఉన్ని వంకీలు తిరిగి వచ్చింది. దాన్ని చిలపగా, అంటే పొడుగాటి చుట్టగా చుట్టి, తడిపి ఆరేస్తే మళ్ళీ సాఫీ అవుతుంది. ఒక టోపీ, మెడకి ఒక పట్టీ వస్తాయి. “ఇది నాది కాబట్టి ఉంచుకుంటాను. చేతులు మార్చను,” అంది.

“నలుగురిలో చెప్పావు, తలవంచుకున్నాను. ఉన్ని తెచ్చిచ్చాను. ఇంకా ఏం కావాలి నీకు?”

“అడిగి తీసుకోవడం కావాలి. ఉన్నైనా, నా సెలవులైనా, నా ఆదివారాలైనా.”

అతను కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు కోటుకేసే చూశాడు. అది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది, చేతులు రెండూ ముందుకి.

“ఎన్నాళ్ళు దీన్ని వేసుకుని తిరుగుతావు?” అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టుంది.

ఆమె చుడుతున్న చిలప ఆపి, కాస్త ఆలోచించి చెప్పింది.

“మంచి ఉన్ని. ఇరవై ఏళ్ళ దాకా ఢోకా లేదంది కొట్టావిడ.”