స్టీరింగ్ కింద పిడి

బావ ఆ పాతకారును తన షోరూములో కొత్తకారు పక్కన నిలబెట్టించాడంటే గౌరవంతో కాదు, నవ్వులపాలు చెయ్యడానికి. ఆ సంగతి మెకానిక్‌కి తెలియక కాదు. తెలిసే పొద్దున్నే నూనెడబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఏమోయ్ బావమరిదీ, దాన్ని తుడిచి సిద్ధం చెయ్యి, చాలు. జనం ముందు, ఇంజనుకి హ్యాండిల్ దూర్చి నేనే తిప్పుతా. నాలుగుసార్లు చెమటలు కక్కాక, కొత్తదాన్ని బటన్ నొక్కి స్టార్ట్ చేస్తా. ఇంక ఎవడూ పాతకారు ఊసెత్తకూడదు," అన్నాడు బావ.

"అలాగే బావగారూ," అన్నాడు మెకానిక్. అంత మెత్తగా బావతో మాట్లాడి అతనికి రెండేళ్లయింది.

ఆ కారు నాన్నది. ముప్పై ఏళ్లు అద్దెకు తిప్పి ఇంటిల్లిపాదినీ దానిమీదే సాకాడు. చివర్లో అక్క పేర రాశాడు, అంటే బావ చేతికి పోయిందన్నమాట. మంచాన పడ్డాక నాన్న కోరింది ఒక్కటే, అందులో ఒక్కసారి అలా తిప్పుకురమ్మని. బావ షెడ్డు తాళం ఇవ్వలేదు. "ఆ తుక్కు నడిరోడ్డులో ఆగితే పోయేది నా పరువు," అన్నాడు. అక్క బతిమాలింది, ఏడ్చింది, రెండు రోజులు అన్నం మానేసింది. రాయికి చెప్పుకున్నట్టే అయింది. పదోరోజు నాన్న పోయాడు.

కొత్తకారుదేముంది, ఏ పనికిమాలినవాడు నొక్కినా స్టార్టవుతుంది. పాతదానికో పద్ధతుంది. స్టీరింగ్ కింద చిన్న పిడి ఉంటుంది. హ్యాండిల్ తిప్పేముందు దాన్ని పైకి నెట్టాలి. కిందికే వదిలేస్తే ఇంజను వెనక్కి తన్నుతుంది, తిప్పినవాడి మణికట్టు విరుగుతుంది. అలా విరిగిన నాన్న చెయ్యి చివరిదాకా వంకరగానే ఉండిపోయింది. అందుకే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి మరీ నేర్పాడు: "ముందు పిడి, తర్వాత హ్యాండిల్." బావ ఏనాడూ అడగలేదు, అతనికి ఎవరూ చెప్పలేదు.

మెకానిక్ అద్దాలు తుడిచాడు. నూనె పోశాడు. పిడిని కిందికి లాగిపెట్టాడు.

పదకొండింటికి షోరూము నిండిపోయింది. బావ మైకులో నాలుగు జోకులు పేల్చి హ్యాండిల్ అందుకున్నాడు. మెకానిక్ కడుపు చల్లబడింది. అంతలో బావకి మరో బుద్ధి పుట్టింది.

"నేనెందుకు, ఇది మా ఆవిడ పుట్టింటి కారు. ఆవిడే తిప్పుతుంది," అని హ్యాండిల్ అక్క చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మెకానిక్ జనాన్ని తోసుకుంటూ వెళ్లి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఆగక్కా," అన్నాడు, కళ్లు స్టీరింగ్ వైపు పోయాయి. అక్క అతని మొహం చూసింది. కారు కిటికీలోంచి లోపలికి వంగి చూసింది.

"నాన్న నాకూ నేర్పాడురా," అంది, అతనికి మాత్రమే వినబడేలా.

అతను తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. చెయ్యి పెట్టి పిడిని పైకి నెడుతుందనుకున్నాడు. అక్క వెనక్కి తిరిగి హ్యాండిల్‌ను మొగుడి చేతికే ఇచ్చింది.

"నావల్ల కాదండీ. మీరే తిప్పండి, ఫొటోల్లో బాగుంటుంది. గట్టిగా పట్టుకోండి," అంది.

బావ నవ్వుతూ చొక్కా చేతులు మడిచాడు. అక్క తమ్ముడి మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగింది.